వీల్ సిలిండర్లు మార్చబోయే మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఎడమ వెనక టైరు లోపలి వైపు తడి మరక, దాని మీద దుమ్ము పట్టి నల్లగా పేరుకుంది. అది గ్రీజు కాదు, బ్రేక్ ఆయిలే. డబ్బాలో ఆయిల్ తగ్గిందన్నావు, పెడల్ కిందికి దిగుతోందన్నావు, ఇంక అనుమానం లేదు. వీల్ సిలిండరు పోయింది, అదే, పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ షూలని డ్రమ్ము మీదికి నెట్టేది. పని అయ్యేదాకా బండి గేటు దాటించకు.

నువ్వే మార్చుకుంటానన్నందుకు నాకు సంతోషమే. మీ నాన్న, మా బావ, ఉంటే నిన్ను పానా పట్టనిచ్చేవాడు కాదు. ఆ మారుతి 800 మీద అంత మోజు మనిషికి. ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయినా సామాన్లకి కరువు లేదు, గాజువాక ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి. సిలిండర్లు రెండు వైపులవీ తీసుకో. ఒకటి పోయిందంటే దాని జోడు కూడా అదే వయసుది. ఆయిల్ తాగిన బ్రేక్ షూలు కడిగితే బాగుపడవు, అవి కూడా జతగా మార్చాల్సిందే. ఒక పక్కే కొత్తవి వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక వైపుకి లాగుతుంది.

షాపులో "కిట్ వేసేయండి సార్, చాలు" అంటారు, అంటే సిలిండరు లోపలి రబ్బర్లు మాత్రం మార్చమని. వినకు. నేను విని ఉన్నాను కాబట్టి చెబుతున్నా. నా పాత కారుకి తొందరలో రబ్బర్లు మాత్రమే మార్చి అరకు బయల్దేరాను. తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తగా నేలకి ఆనింది. రెండో గేరు, హ్యాండ్ బ్రేకు, వెనక సీట్లో మీ అత్త మౌనం, వీటితోనే కిందికి చేరాం. ఇంటికొచ్చి విప్పి చూస్తే సిలిండరు లోపల తుప్పు తిన్న గుంటలు. పైన పటారం, లోన లొటారం. ఆ గుంటల మీద రాసుకుని కొత్త రబ్బరు చిరిగిపోయింది. తప్పు నాదే, లోపల వేలు పెట్టి చూడలేదు.

ఇక అసలు సంగతి. ఈ పనిలో అందరూ స్ప్రింగులకి భయపడతారు. భయపడాల్సింది, షూలూ సిలిండరూ బిగించి ఉండే బ్యాకింగ్ ప్లేటు వెనక సిలిండర్‌లోకి వచ్చే పైపు నట్టుకి. మీ ఇల్లు పెదవాల్తేరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట. ఇన్నేళ్ల ఉప్పుగాలికి ఆ నట్టు పైపుని కరిచి పట్టుకుని ఉంటుంది. అందుకని డ్రమ్ము విప్పకముందే దాని సంగతి తేల్చుకో. ముందు రోజు సాయంత్రం ఇనప బ్రష్‌తో గీకి తుప్పు వదిలించే స్ప్రే కొట్టు, పొద్దున్నే మళ్లీ కొట్టు. మామూలు ఓపెన్ పానా వేశావో నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. రింగుకి ఒక పక్క సందు కోసినట్టుండే బ్రేక్ పైపు పానా కొనుక్కో. ముందు కొంచెం బిగించే వైపు కదిలించు, తర్వాత వదులు చెయ్యి. నట్టుతో పాటు పైపు కూడా తిరుగుతోందా, అక్కడే ఆపు. మెలిపడిన పైపు ఇవాళ కాకపోతే రేపు తెగుతుంది. పాతది పట్టుకెళ్లి అదే పొడవుకి కొత్తది తెచ్చుకో, అతుకులు వద్దు. గాలి తీసే పాత నిపుల్ రాకపోతే మాత్రం దాంతో కుస్తీ పట్టకు, కొత్త సిలిండర్‌కి కొత్త నిపుల్ ఉంటుంది.

ముందు చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టు. ఇటుకలు వద్దు. ఒక వైపు పూర్తిగా అయ్యేదాకా రెండో వైపు విప్పకు, ఏ స్ప్రింగు ఎక్కడుండాలో అదే నీకు చూపిస్తుంది. షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్లు మాత్రం ఎడమది కుడికి వెయ్యకూడదు. డ్రమ్ములోని పొడి నోటితో ఊదకు, షూల మీది పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడిచెయ్యి. డ్రమ్ము బయట ఉండగా ఎవరూ పెడల్ తొక్కకూడదు, పిస్టన్లు ఎగిరి బయటికొస్తాయి.

కొత్త సిలిండర్ పెట్టేటప్పుడు ముందు పైపు నట్టుని వేళ్లతోనే నాలుగు చుట్లు ఎక్కించు. తర్వాతే సిలిండర్ బోల్టులు బిగించు. సిలిండర్ వదులుగా ఉంటేనే నట్టు మరల్లో సూటిగా కూర్చుంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఒక సిలిండర్ మరలు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

ఆయిల్ సీలు తీయని డబ్బాలోదే వాడు. అటక మీద మీ నాన్న మిగిల్చిన సగం డబ్బా పారేయ్. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని తాగేస్తుంది, మన ఊళ్లో తేమకి కరువా? డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 140కే మరిగిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది. డాట్ 4 కలిసినా ఫరవాలేదు, డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, కలపకు. రబ్బర్లకి పెట్రోలు, కిరసనాయిలు, ఇంజిన్ ఆయిల్ తగలనివ్వకు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు.

గాలి తీయడానికి మీ అమ్మని సీట్లో కూర్చోబెట్టు. కుట్టుమిషను తొక్కిన కాలు, నిదానం దానికి నువ్వు నేర్పక్కర్లేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టు. నిపుల్‌కి గొట్టం తగిలించి, దాని కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచు. అమ్మ పెడల్ తొక్కి పట్టుకున్నాక నువ్వు నిపుల్ కొంచెం తెరువు. నువ్వు నిపుల్ మళ్లీ బిగించి "వదులు" అనేదాకా అమ్మ కాలు తీయకూడదు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టు. పాత మాస్టర్ సిలిండర్ చివర్లో తుప్పు ఉంటుంది, పెడల్ నేల దాకా తొక్కితే దాని రబ్బర్లు అక్కడ రాసుకుని చిరుగుతాయి. పైన డబ్బా ఖాళీ కానివ్వకు, అయిందో మళ్లీ మొదటికే.

పెడల్ గట్టిపడినా కిందికే ఉంటే గాలి కాదు, షూలు వదులుగా ఉన్నాయని. చక్రం తిప్పితే లైనర్ సన్నగా రాసుకునే చప్పుడు వినపడేదాకా అడ్జస్ట్ చెయ్యి.

మొదట మీ సందులోనే నడక వేగంలో చూడు. కైలాసగిరి సరదా వారం తర్వాత, ప్లేటు వెనక పొడిగా ఉందని చూసుకున్నాక. స్టాండ్లు నా దగ్గర రెండున్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్లు. పైపు పానా కూడా ఇస్తాను కానీ అది తిరిగి కావాలి.

మీ మావయ్య