పలుకుబడి, పెట్టుబడి

సందేహం: మార్క్ హానా అనే అమెరికా వ్యాపారి మీద రాసిన వ్యాసంలో ఆయన్ని ‘రాజకీయ పలుకుబడి గల బొగ్గు వ్యాపారి’ అన్నాను. సంపాదకులు ‘రాజకీయ సంబంధాలు కలిగి ఉన్న వ్యాపారవేత్త’ అని దిద్దారు. పలుకుబడి అంటే నుడికారమేనట. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు

సమాధానం: ‘సంబంధాలు కలిగి ఉన్న’ వాళ్లు ఈమధ్య పత్రికల నిండా కనిపిస్తున్నారు. ‘ఉన్న’ అంటే సరిపోయే చోట ‘కలిగి ఉన్న’ ఎందుకో! తెలుగింట్లో సంబంధమంటే ముందు పెళ్లిమాటే తోస్తుంది. అలాంటి సంబంధం హానాకు నిజంగానే కలిసొచ్చింది. క్లీవ్‌లాండ్‌లో బొగ్గు, ఇనుము వ్యాపారం చేసే డేనియల్ రోడ్స్ కూతుర్ని 1864లో చేసుకుని, 1867లో మామగారి కంపెనీలో చేరాడు. 1885లో అది ఎం.ఎ. హానా అండ్ కంపెనీ అయింది. మామగారు డెమోక్రాట్, అల్లుడు రిపబ్లికన్. కాబట్టి ఆ సంబంధానికి రాజకీయం అంటగట్టలేం.

ఇక పలుకుబడి. ఇందులో బడి పిల్లలు వెళ్లేది కాదు. ‘పడు’ నుంచి వచ్చిన ‘పడి’లో పరుషం సరళమైంది. రాబడి, పెట్టుబడి, దిగుబడి, చెల్లుబడి అన్నీ ఈ గుంపువే. పలుకు పడే తీరు నుడికారం. పలికిన పలుకు చెల్లడం మీరు రాసిన అర్థం. మొదటిదాని నుంచి రెండోది పుట్టిందని నా ఊహ. తెలుగులో నాణెమూ చెల్లుతుంది, మాటా చెల్లుతుంది. డబ్బున్నవాడి మాట చెల్లడం చూసి చూసి భాష నేర్చుకున్న సంగతేమో ఇది.

హానా కథంతా ఈ బడుల్లోనే నడిచింది. 1893లో ఒహాయో గవర్నరు మెకిన్లీ తన స్నేహితుడి ప్రామిసరీ నోట్లకు హామీ ఉండి, లక్ష డాలర్లు దాటిన అప్పులో మునిగితే, హానా, మరికొందరు చందాలేసుకుని తీర్చారు. 1896లో ఆ మెకిన్లీనే అధ్యక్ష పదవికి నిలబెట్టి, బ్యాంకుల నుంచి మూలధనంలో నూటికి పావు (0.25 శాతం) చొప్పున చందా రాబట్టాడు. స్టాండర్డ్ ఆయిల్ ఒక్కటే 2,50,000 డాలర్లు ఇచ్చింది. మొత్తం సుమారు 35 లక్షలు. ఇది పెట్టుబడి. మెకిన్లీ గెలిచాక ఒహాయో సెనేటర్ షెర్మన్‌ని విదేశాంగ మంత్రిని చేస్తే, ఖాళీ అయిన సెనేట్ స్థానం 1897లో హానాకు దక్కింది. రాబడి అనుకోండి.

అయితే 1902 జూన్‌లో సెనేట్‌లో లేచి, అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలను కలిపే కాలువ నికరాగువాలో కాదు, పనామాలో తవ్వాలని వాదించాడు. సెనేట్ పనామా వైపు మొగ్గడంలో ఆ ప్రసంగానికి పెద్ద పాత్రే ఉంది. అప్పటికి మెకిన్లీ లేడు, 1901లోనే హత్యకు గురయ్యాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. 1900లో ఆయన్ని ఉపాధ్యక్షుడిగా నిలబెట్టడం హానాకు సుతరామూ ఇష్టంలేదు. అయినా మాట చెల్లింది. అచ్చమైన పలుకుబడి ఇదీ.

‘పరపతి’ కూడా ఉంది. పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పే. 1893 నాటి హానాకు ఇది ఇంకా బాగా అతుకుతుంది. ‘ప్రాబల్యం’ పార్టీకో ప్రాంతానికో బాగుంటుంది. ‘ప్రాపకం’ పొందేవాడి వైపు నుంచి చెప్పే మాట.

మీ సంపాదకుల దిద్దుబాటు వ్యాకరణానికి తప్పు కాదు, చెవికి మాత్రం కష్టం. మీ మాటే ఉంచమనండి. కాకపోతే ‘రాజకీయ పలుకుబడి’ అని వ్యాసం మొదట్లోనే కట్టబెట్టకుండా 1896 దాకా ఆగగలరేమో చూడండి.