యాప్ అప్పు ఆగిపోతే జైలుకేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మెడికల్ షాపులో పని చేస్తాను, జీతం 18 వేలు. అమ్మకి ఆపరేషన్ అప్పుడు ఒక యాప్‌లో 12 వేలు తీసుకున్నాను, జీతం రాగానే కట్టాలి. కట్టలేక ఇంకో యాప్‌లో 5 వేల అప్పు పెడితే చేతికి 3,250 మాత్రమే వచ్చింది, వారంలో మొత్తం 5 వేలూ కట్టమన్నారు. ఇప్పుడు రెండూ ఆగిపోయాయి. మొదటివాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. రెండోవాళ్లయితే మా బావకీ, షాపు ఓనర్‌కీ నా ఫొటో పంపి 'దొంగ' అని రాశారు. నిన్న వాట్సాప్‌లో అరెస్టు వారెంటు అని ఒక కాగితం పెట్టారు. నన్ను జైల్లో వేస్తారా? ఫ్రెండేమో ఇంకో యాప్‌లో తీసుకుని ఇవి తీర్చేయమంటున్నాడు.
- పేరు రాయని పాఠకుడు

జవాబు: ముందు ఆ మూడో యాప్ జోలికి పోకండి. మిగతావన్నీ తర్వాత.

మీ రెండు బాకీల్నీ ఒకే గాటన కట్టొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి డబ్బు ఏ పేరు మీద పడిందో చూడండి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం అప్పు డబ్బు బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని, అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ) ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకి రావాలి, తిరిగి కట్టేదీ నేరుగా ఆ సంస్థకే. గుర్తింపు ఉన్న సంస్థలు వాడే యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది, అందులో వెతకండి. ఎవరిదో సొంత యూపీఐ ఐడీకి పంపమంటున్నారంటే అనుమానించాల్సిందే.

మొదటిది అసలైన సంస్థ అయితే ఆ బాకీ నిజం, కట్టాల్సిందే. ఆటో డెబిట్ (గడువు రోజున మీ ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అవడం) తప్పిన ప్రతిసారీ మీ బ్యాంకు బౌన్స్ చార్జీ వేసి, దానిమీద జీఎస్టీ కూడా లాగుతుంది. అప్పిచ్చినవాళ్లూ ఆలస్య రుసుము వేస్తారు, కానీ ఆ రుసుమును అసల్లో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయడానికి వీల్లేదు. ఎన్ని రోజులు ఆలస్యమైందో సిబిల్‌కి, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డుకి ఎక్కుతుంది, 90 రోజులు దాటితే మొండి బాకీ కింద రాస్తారు, అప్పుడిక రేపు బండి లోన్‌కి వెళ్లినా తిప్పి పంపుతారు.

జైలు సంగతి. డబ్బు లేక అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. ఒక్క మెలిక ఉంది, చాలామందికి తెలీదు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద, అచ్చం చెక్ బౌన్స్ కేసులాగే, కోర్టుకి వెళ్లొచ్చు, రెండేళ్ల వరకూ శిక్ష వేసే వీలుంది. అయితే దానికి ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది అందాక 15 రోజుల గడువు ఇవ్వాలి. కాబట్టి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి. వాట్సాప్‌లో వచ్చిన ఆ 'వారెంటు' కాగితం ఉత్త బెదిరింపు, కోర్టులు అలా వారెంటు పెట్టి డబ్బు అడగవు.

ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ రాసి వాయిదాలు అడగండి, ఫోన్లో ఒప్పుకున్నవి లెక్కలోకి రావు. తగ్గించి కట్టించుకుంటామంటే ఆశపడకండి, సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడుతుంది, అది మచ్చే. పూర్తిగా కట్టి, బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ కాగితం తీసుకోవడం మేలు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, మీ బంధువుల ముందు పరువు తీయకూడదు. చేస్తే ముందు సంస్థకే రాయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఇక రెండోది. 3,250 మీద వారానికి 1,750 అంటే నూటికి దాదాపు 54 రూపాయలు, అదీ వారానికి! మన ఊళ్లలో నెలకి నూటికి అయిదు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. నెల లెక్కన ఇది 200 దాటిపోతుంది. వీళ్లకి కట్టినా వదలరు, ఇంకా బాకీ ఉందంటూ మళ్లీ మొదలెడతారు. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడి చేసినప్పుడు చూశాం, ఫోన్లో బూతులు తిట్టేది జీతానికి కుదిరిన కుర్రకారు. మీ కేసు వాళ్లకో డ్యూటీ, అంతే.

యాప్ తీసేసే ముందు చాట్‌లు, నంబర్లు, యూపీఐ వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, దగ్గర్లోని స్టేషన్‌కీ వెళ్లండి. వాళ్లు ఇంకెవరికైనా పంపేలోపే మీరే ఫోన్లో ఉన్న అందరికీ ఈ నాలుగు ముక్కలు పంపేయండి: "నా కాంటాక్టులు ఒక లోన్ యాప్ వాళ్ల చేతికి చిక్కాయి. నా పేరుతో ఏ ఫొటో వచ్చినా నమ్మొద్దు, డబ్బు పంపొద్దు. స్క్రీన్‌షాట్ నాకు పంపి ఆ నంబర్ బ్లాక్ చేయండి." సిగ్గుగానే ఉంటుంది. కానీ మీ నోటి నుంచి ముందే విన్నవాళ్ల దగ్గర వాళ్ల మెసేజ్ పనిచేయదు.

డబ్బు సర్దుబాటుకి ఓనర్‌ని అడ్వాన్స్ అడగండి, ఆయనకి ఎలాగూ విషయం తెలిసిపోయింది కదా. అమ్మగారు డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడా అడగొచ్చు. ఈ టెన్షన్‌లో పిచ్చి ఆలోచనలు వస్తే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా మరిది యాప్‌లో అప్పు తీసుకుంటూ నా నంబర్ రిఫరెన్స్‌గా ఇచ్చాడట. నువ్వే కట్టాలి అంటున్నారు. నేను కట్టాలా?
- ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: అక్కర్లేదమ్మా. రిఫరెన్స్ వేరు, జామీను వేరు. మీరు జామీను సంతకం గానీ, ఓటీపీతో ఒప్పుకోలు గానీ ఇవ్వనంతవరకు మీ మీద పైసా బాకీ లేదు. ఆ మాటే ఒకసారి మెసేజ్‌లో రాసి పంపండి, మళ్లీ ఫోన్ చేస్తే పైన చెప్పిన ఫిర్యాదు మీరూ పెట్టొచ్చు.