తాతగారి ట్రంకు పెట్టెల్లో కాయితాలు ఎవరివి?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా తాతగారు లోక్‌సభ సభ్యుడిగా చేశారు. తర్వాత మూడేళ్లు ఒక దేశంలో మన రాయబారిగా ఉన్నారు. వీలునామా రాయకుండానే 1986లో కాలం చేశారు. నాయనమ్మ 1998లో, మా నాన్నగారు 2015లో పోయారు. తాతగారి కాయితాలు మేడ మీద గదిలో మూడు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. డైరీలు, నెహ్రూ గారితో సహా పెద్దవాళ్లు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. కొన్నిటి మీద ‘సీక్రెట్’ అని ముద్ర ఉంది. నెహ్రూ ఉత్తరాలు పాత వస్తువుల వ్యాపారికి అమ్మేద్దామని తమ్ముడు అంటున్నాడు. అమెరికాలో ఉన్న అక్క అన్నీ అక్కడి యూనివర్సిటీకి ఇచ్చేద్దామంటోంది. నాకు మాత్రం డైరీలు పుస్తకంగా వేసి, అసలు కాయితాలు ఢిల్లీలో భద్రపరచాలని ఉంది. బాబాయి, మేనత్త, మా అమ్మ ఉన్నారు. పెట్టెలు మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి నిర్ణయం మాదేనా?

జవాబు: కాదండి. పెట్టెలు మీ ఇంట్లో ఉన్నాయంటే మీ స్వాధీనంలో ఉన్నాయని మాత్రమే, మీ సొంతమని కాదు. పైగా ఆ మూడు పెట్టెల్లో ఉన్నదంతా ఒకే రకం ఆస్తి కూడా కాదు. కొంత మీ కుటుంబానిది. కొంత కాయితం వరకే మీది, అందులోని మాట మీది కాదు. కొంత అసలు మీ తాతగారిదే కాదు, ప్రభుత్వానిది. ఏది ఏదో తేలకముందు అమ్మకం, దానం, పుస్తకం ఏదీ మొదలుపెట్టకండి.

ముందు వాటాలు. ఈ కాయితాలు మీ తాతగారి స్వార్జితం కింద లెక్క. వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం, 1956లోని సెక్షన్ 8 ప్రకారం 1986లోనే నాయనమ్మకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా పావు వంతు వచ్చింది. 1998లో నాయనమ్మ వాటా ఆ ముగ్గురు పిల్లలకూ చేరింది కాబట్టి నాన్నగారికి, బాబాయికి, మేనత్తకి తలా మూడో వంతు అయింది. నాన్నగారి మూడో వంతు అమ్మకు, మీకు, తమ్ముడికి, అక్కకు నాలుగు భాగాలు. అంటే మీ ఒక్కరి వాటా పన్నెండో వంతు. ‘2005కి ముందు ఆడపిల్లలకు వాటా లేదు కదా’ అని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2005 సవరణ వచ్చింది తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నుంచే ఉంది. మీ మేనత్త సంతకం లేకుండా రాసిన ఏ కాగితమూ నిలవదు.

తమ్ముడి విషయంలో ఆలస్యం చేయకండి. ఉమ్మడిగా ఉన్న వస్తువుల్లో ఫలానా ఉత్తరం నాదని ఏరుకుని అమ్మే హక్కు ఏ ఒక్క వాటాదారుకూ లేదు. అయితే వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 28లో ఒక చిక్కుంది. మిగతా వాటాదార్ల అనుమతితో ఒకడి చేతిలోనే ఉన్న ఉమ్మడి వస్తువును, అమ్మే అధికారం అతనికి లేదన్న సంగతి తెలియక, నిజాయితీగా కొన్నవాడికి హక్కు వచ్చేస్తుంది. తాళంచెవి తమ్ముడి దగ్గర ఉంటే రేపు ఆ వ్యాపారి ఈ సెక్షనే పట్టుకుంటాడు. కాబట్టి లీగల్ నోటీసు తమ్ముడికి ఒక్కడికే పంపితే సరిపోదు. వాటాదార్లు అమ్మ, మీరు, అక్క, తమ్ముడు, బాబాయి, మేనత్త అని పేర్లతో సహా రాసి, అందరి సమ్మతి లేని అమ్మకం చెల్లదని ఆ వ్యాపారికి కూడా పంపండి. అందినట్టు రసీదు దాచుకోండి. నోటీసు అందాక ‘నాకు తెలియదు’ అనే దారి అతనికి మూసుకుపోతుంది. అప్పటికీ ఆగకపోతే సివిల్ కోర్టులో దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే ఉత్తర్వు) అడగవచ్చు. తమ్ముడితో కూర్చుని మాట్లాడితే అంతదూరం పోకపోవచ్చు. అమ్మితే వచ్చే డబ్బులోనూ అతనిది పన్నెండో వంతే.

ఇక పెట్టెలు విప్పడం. ఒక్కరే విప్పకండి. బాబాయి వైపు నుంచి ఒకరు, మేనత్త వైపు నుంచి ఒకరు ఉండాలి. ఏ కట్ట ఏ వరసలో ఉందో అలాగే ఉంచి, ముందు పెట్టె నంబరు, తర్వాత కట్ట నంబరు, ఆపైన కాయితం నంబరు వేయండి. నంబరు వెనకవైపు మూలన మెత్తటి పెన్సిల్‌తో వేయాలి, పెన్నుతో వద్దు. ఉదాహరణకి 2/14/6 అంటే రెండో పెట్టె, పద్నాలుగో కట్ట, ఆరో కాయితం. తారీఖుల వారీగా సర్దాలనిపిస్తుంది, సర్దకండి. ఆయన ఏ ఉత్తరాన్ని ఏ ఫైల్లో పెట్టుకున్నారన్నదే చరిత్రకారుడికి సగం సమాచారం, కోర్టుకి సాక్ష్యం. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన చోటి నుంచి వచ్చిందని కోర్టుకు నమ్మకం కుదిరితే, అందులోని సంతకం, రాత అసలువేనని భావించే వీలు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 92 ఇస్తుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది సెక్షన్ 90. కట్టలు విప్పి కలిపేస్తే ఆ నమ్మకం మీరే పోగొట్టుకున్నట్టు. తుప్పు పట్టిన గుండుసూదులు, కరిగి అంటుకున్న రబ్బరు బ్యాండ్లు నెమ్మదిగా తీసేయండి. జిరాక్స్ షాపువాళ్లు ‘లామినేషన్ చేయించండి, వందేళ్లుంటాయి’ అంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించకండి. వేడికి ప్లాస్టిక్ కాయితంలోకి అతుక్కుపోతే మళ్లీ విడదీయలేరు, పాత పత్రాలు భద్రపరిచే ఏ పత్రాగారమూ అలాంటివి ఇష్టంగా తీసుకోదు. పెట్టెలు మేడ మీదే ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు కింది గదుల్లో ఉన్న కాయితాలకు ఏ గతి పట్టిందో విజయవాడలో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ‘సీక్రెట్’ ముద్ర ఉన్నవి. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ‘అరవై ఏళ్ల నాటివి, ఇంకా రహస్యమేమిటి’ అనుకుంటారు. పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 1993లోని సెక్షన్ 12 ముప్పై ఏళ్లు దాటిన రికార్డులు చూడనిస్తుందన్న మాట నిజమే. కానీ అది ఢిల్లీలోని జాతీయ పత్రాగారం నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరిన, రహస్య ముద్ర లేని రికార్డుల సంగతి. మీ మేడ మీది కాయితానికి అది వర్తించదు. ముద్ర తీసే అధికారం ఆ శాఖదే, కాలం గడిచినంత మాత్రాన ముద్ర దానంతటదే పోదు. అధికార రహస్యాల చట్టం, 1923లోని సెక్షన్ 5 ప్రకారం అలాంటి పత్రాన్ని అధికారం లేనివాళ్లకు చేరవేయడం నేరం, ఉంచుకునే హక్కు లేకుండా ఉంచుకోవడమూ నేరమే. శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. వ్యాపారికి చూపించినా, ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా చేరవేసినట్టే.

అందుకని ముద్ర కనబడగానే ఆ కాయితాన్ని చదవకుండా కవర్లో పెట్టి, దాని చోట నంబరుతో ఒక తెల్ల కాయితం ఉంచండి. జాబితాలో ఫైలు నంబరు, తారీఖు, ఎవరి నుంచి ఎవరికి అన్నవి మాత్రమే రాయండి, విషయం రాయకండి. జిరాక్స్, స్కాన్ వద్దు. తర్వాత అడ్వొకేట్ ద్వారా విదేశాంగ శాఖకు ఉత్తరం రాయండి: ఫలానా మాజీ రాయబారి వారసులం, ఆయన వ్యక్తిగత కాయితాల్లో ఇవి కనిపించాయి, వీటిని ఎలా అప్పగించాలో రాతపూర్వకంగా తెలపండి అని. తనంతట తానుగా ముందుకొచ్చి చెప్పిన కుటుంబానికీ, ఎక్కడో అమ్మకానికి పెట్టి దొరికిపోయిన కుటుంబానికీ చట్టం ముందు చాలా తేడా ఉంటుంది. భయపడి మాత్రం తగలబెట్టకండి. కేంద్ర ప్రభుత్వ రికార్డును నిబంధనలకు విరుద్ధంగా నాశనం చేస్తే 1993 చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముద్ర లేకపోయినా రాయబార కార్యాలయం ఫైలు నంబరున్న టెలిగ్రాములు, నోట్‌లు ప్రభుత్వానివే అనుకుని వాటినీ ఆ జాబితాలోనే చేర్చండి. పార్లమెంటులో అచ్చయిన ప్రశ్నలు, ప్రసంగాల ప్రతులతో ఏ ఇబ్బందీ లేదు.

నెహ్రూ గారి ఉత్తరాల సంగతి వేరు. ఒకరు రాసి పంపిన ఉత్తరంలో కాయితం అందుకున్నవాళ్లది, కాపీరైట్ రాసినవాళ్లది. నెహ్రూ 1964 మే 27న కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద అరవై ఏళ్ల కాపీరైట్ గడువు 2024 డిసెంబరు 31తో తీరిపోయింది. ‘అయితే మా ఉత్తరాలూ ఫ్రీనే’ అనుకోకండి. బతికుండగా అచ్చుకాని రచనకు కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 24 ప్రకారం అరవై ఏళ్ల లెక్క అది తొలిసారి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది. మీ పెట్టెలోని ఉత్తరం ఎక్కడా అచ్చుకాకపోతే గడువు ఇంకా మొదలే కాలేదు. ప్రధాని హోదాలో రాసిన అధికారిక లేఖైతే హక్కు ప్రభుత్వానిదన్న వాదన కూడా వస్తుంది.

మీ ఢిల్లీ ఆలోచనకు బలం చేకూర్చేది కూడా ఇదే చట్టంలో ఉంది. ప్రజలకు ప్రవేశం ఉన్న గ్రంథాలయంలోనో, మ్యూజియంలోనో, అలాంటి సంస్థలోనో ఉన్న అచ్చుకాని రచనను, రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే, పరిశోధన కోసం గానీ ప్రచురించే ఉద్దేశంతో గానీ నకలు తీసుకోవచ్చని సెక్షన్ 52(1)(పి) చెబుతోంది. అంటే మీ ట్రంకు పెట్టెలో ఉన్నంతకాలం అనుమతి లేకుండా ముట్టుకోలేని ఉత్తరమే, పత్రాగారానికి చేరితే పరిశోధకుడికి పనికొస్తుంది. మీ తాతగారు రాసినవాటికి ఈ వెసులుబాటు 2046లోనే వస్తుంది. ఆయన డైరీల మీద కాపీరైట్ పైన చెప్పిన వాటాల్లోనే మీ అందరిదీ. కాబట్టి పుస్తకం వేయాలంటే అందరి రాతపూర్వక అనుమతి కావాలి. డైరీలో ఎవరి గురించైనా ఘాటుగా రాసి ఉంటే, ఆ మనిషి చనిపోయినా నిశ్చింతగా ఉండకండి. చనిపోయినవాళ్ల మీద వేసే నింద వాళ్ల కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో వేసినదైతే పరువు నష్టం కిందికి రావచ్చని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 వివరణలో ఉంది.

అక్క ఆలోచన మంచిదే, దారే సరైంది కాదు. చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు నిండిన రాతప్రతి, రికార్డు, పత్రం పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం ‘పురావస్తువు’. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. 1949లో రాసిన ఉత్తరం 2024లోనే ఆ గీత దాటేసింది. సూట్‌కేసులో నాలుగు ఉత్తరాలు పెట్టుకెళ్లినా అంతే. ప్రభుత్వ రికార్డైతే వయసుతో పని లేకుండానే 1993 చట్టంలోని సెక్షన్ 4 అడ్డం వస్తుంది. ఆ యూనివర్సిటీకి తాతగారు స్వయంగా రాసినవాటి స్కాన్ కాపీలు, అందరూ ఒప్పుకుంటే, ఇవ్వవచ్చు.

అసలు కాయితాలకు ఢిల్లీలో రెండు మంచి చోట్లున్నాయి. ఒకటి నేషనల్ ఆర్కైవ్స్. ప్రైవేటు వ్యక్తుల దగ్గరి చారిత్రక పత్రాలను దానంగానో కొనుగోలుగానో తీసుకునే అధికారం 1993 చట్టంలోని సెక్షన్ 11 దానికి ఇచ్చింది. రెండోది తీన్‌మూర్తి భవన్‌లోని ప్రధానమంత్రుల మ్యూజియం, లైబ్రరీ. 2023 దాకా దాని పేరు నెహ్రూ స్మారక మ్యూజియం, లైబ్రరీ. రాయబారులుగా పనిచేసిన విజయలక్ష్మీ పండిట్, వి.కె. కృష్ణ మీనన్‌ల పత్రాలున్నది అక్కడే. స్కాన్ల సెట్టు ఒకటి మన దగ్గర, 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయానికి కూడా ఇస్తే గుంటూరు, బాపట్ల పిల్లలు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఇచ్చేటప్పుడు దస్తావేజు జాగ్రత్తగా రాయించండి. చరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 123 ప్రకారం వస్తువు అప్పగిస్తే చాలు. అలాగని ఫోటో దిగి పెట్టెలు అప్పగించి రాకండి. ఇచ్చింది దానమా, భద్రపరచమని అప్పగించడమా అన్నది రాతలో ఉండాలి. ఆ మ్యూజియంలోని నెహ్రూ పత్రాల్లో 51 పెట్టెలు 2008లో కుటుంబం వైపు తిరిగి వెళ్లాయి. వాటిని వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న చర్చ 2024లోనూ నడిచింది. ‘మాకు ఇష్టమైనప్పుడు వెనక్కి తీసుకుంటాం’ అని షరతు రాయిస్తే సెక్షన్ 126 ప్రకారం ఆ దానమే చెల్లదు. తిరిగి తీసుకునే వీలు కావాలంటే మీ చేతిలో లేని ఒక ఘటనకు ముడిపెట్టాలి, సంస్థ మూతపడితే అన్నట్టుగా. పెన్సిల్ నంబర్ల జాబితా షెడ్యూలుగా జతపరచండి. కాపీరైట్ ఇస్తున్నారా, మీరే ఉంచుకుంటున్నారా స్పష్టంగా రాయండి. నాయనమ్మకు రాసిన సొంత ఉత్తరాల లాంటివాటికి ఫలానా ఏడాది దాకా ఎవరికీ చూపకూడదని గడువు పెట్టవచ్చు. అవసరం లేదనుకున్న కాయితాలను పారేయకుండా మీకే తిరిగివ్వాలని, స్కాన్ చేశాక ఒక సెట్టు కుటుంబానికి ఇవ్వాలని చేర్చండి.

సంతకాల రోజుకి నాన్నగారిది, తాతగారిది, నాయనమ్మది మరణ ధ్రువీకరణ పత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. అక్క రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపమనండి. అందులో ‘ఆస్తులన్నీ’ అని కాకుండా ఈ కాయితాల దానం, కాపీరైట్ అని విడిగా పేర్కొనాలి. ఆ పవర్ మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. గడువు దాటితే పెనాల్టీ కట్టేదాకా దాని మీద పని జరగదు. కాబట్టి బాబాయి, మేనత్త ఒప్పుకుని తారీఖు ఖాయం చేశాకే అక్కను పంపమనండి.