పుట్టగొడుగు జాతి పట్టాభిషేక శాలువా పగలడం గురించి

మీ నాటకంలో పుట్టగొడుగు జాతి పెద్ద పట్టాభిషేకానికి చేసిన మైసీలియం (పుట్టగొడుగుకు వేర్లలా అల్లుకునే సన్నటి పోగులు) శాలువా ఎందుకు పగిలిందని అడిగారు. అది భుజం దగ్గర పగలడానికి కారణం ఎండ. గుంటూరు ఎండలో మేడ మీద రెండు రోజులు ఆరేశానన్నారు కదా, తేడా అక్కడే వచ్చింది. ఈ పోగుల గోడల్లో ఉండేది కైటిన్, రొయ్య పెంకులో ఉండేదే. తేమంతా పోతే అప్పడంలా విరుగుతుంది.

ఆ తేమ నిలవడానికి వాడాల్సింది, అందరూ వదిలేసేది గ్లిజరిన్. మందుల షాపులో దొరుకుతుంది.

1. వరిగడ్డి మీద పెరిగిన కొత్త మైసీలియం షీటును దాని మీద నుంచి తడిగా ఉండగానే ఒలవండి.
2. ఒక వంతు గ్లిజరిన్, నాలుగు వంతుల నీళ్లు కలిపి అందులో షీటును రాత్రంతా నానబెట్టండి. ఆరిపోయాక పైపైన పూస్తే సరిగా దిగదు. నేను అలాగే ఒక షీటు పాడుచేసుకున్నాను.
3. నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వండి. అంచు వేలికి విరగకుండా చుట్టుకోవాలి.
4. జాతి పెద్దకు కావాలన్న గొడుగు మడతల కోసం షీటును ఆరకముందే, తడి మీదే గిన్నెపై బోర్లించి పెట్టండి. రుమేనియాలోని కోరుండ్‌లో చెట్టు పుట్టగొడుగుతో టోపీలు చేసేవాళ్లు కూడా తడిపే సాగదీస్తారు.

ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే ఆ షీటు వాడకండి, అది వేరే బూజు.

విజయవాడ స్టేజీ మీద చేతులెత్తే సీన్ ఉందన్నారు. భుజాల కింద పాత కాటన్ చీర ముక్క కుట్టండి. పగిలిన షీటు పారేయొద్దు, ముక్కలు అంచుకు అతికించడానికి పనికొస్తాయి.