ఏడో స్క్రిప్టులో ఆ 33

తల్లీ,

నువ్వు పంపిన ఫోల్డర్ నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. 14 మినీనెట్ (ఒక్క కంప్యూటర్లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ నడిపే సాఫ్ట్‌వేర్) స్క్రిప్టులు. అన్నింట్లోనూ అదే డంబెల్ టోపాలజీ, అంటే నెట్‌వర్క్ అమరిక: ఎడమన పంపే హోస్టులు, కుడిన అందుకునే హోస్టులు, మధ్యలో ఇరుకు లింకు. ఒక్కో ఫైల్లో 200 లైన్లుంటే, పక్క ఫైలుకీ దానికీ నిజంగా తేడా రెండు మూడు లైన్లే. అవేవో కనిపెట్టడానికి రెండు ఫైళ్ళ తేడాలు చూపించే డిఫ్ పెట్టుకోవాల్సి వచ్చింది. నీ ప్రయోగంలో అసలు విషయం ఆ తేడాయే కదా, అదే కనపడకుండా పోయింది.

ఒకేలా ఉన్నదంతా ఒక్క చోటికి తెమ్మంటాను, అయితే టైపింగ్ శ్రమ తగ్గుతుందని చెబుతున్న మాట కాదిది. నేనూ ఒకప్పుడు ఇలాగే 12 ఫైళ్ళు పెట్టుకున్నాను. లింకు ఆలస్యం మార్చాల్సి వచ్చి 11 ఫైళ్ళలో మార్చి, ఒకటి మరిచాను. గ్రాఫులో ఆ ఒక్క చోట త్రూపుట్ (సెకనుకి నిజంగా చేరిన డేటా) చక్కగా లేచింది. వారం రోజులు కారణం వెతికి, వివరణ కూడా రాసేశాను. తప్పు తెలిసిన రోజు ఆ పేజీలన్నీ కొట్టేశాను. స్క్రిప్టు ఎక్కడా ఎర్రర్ ఇవ్వలేదు. ఇలాంటి తప్పులు ఎర్రర్ ఇవ్వవు, అందుకే నాకు నీ ఫోల్డర్ చూసి టెన్షన్ వచ్చింది.

టోపాలజీ సంగతి తేలిక. పది హోస్టుల్ని పదిసార్లు కలిపి, పది లింకులు విడివిడిగా వేశావు. మినీనెట్ టోపో క్లాసులో నెట్‌వర్కుని కట్టే బిల్డ్ మెథడ్ పారామీటర్లు తీసుకుంటుంది. హోస్టుల సంఖ్య, బ్యాండ్‌విడ్త్, ఆలస్యం దానికి అందించి లోపల ఒక లూప్ తిప్పు. అది ఒక్క ఫైల్లో ఉంటే చాలు, ప్రయోగాలన్నీ దాన్నే ఇంపోర్ట్ చేసుకుంటాయి. ఒక పూట పని.

కష్టమంతా ఒకదాని మీద ఒకటి ఆధారపడిన అంకెలతో. నీ మొదటి స్క్రిప్టులో ఇరుకు లింకు 10 ఎంబీపీఎస్, ఆలస్యం 20 మిల్లీసెకన్లు, క్యూ (లింకు ముందు ప్యాకెట్లు వేచి ఉండే వరస) 33 ప్యాకెట్లు. ఆ 33 ఎలా వచ్చిందో నాకర్థమైంది. 20 ఒకవైపుకి, రానూపోనూ 40. సెకనుకి 10 మెగాబిట్ల చొప్పున 40 మిల్లీసెకన్లలో 4 లక్షల బిట్లు, అంటే 50,000 బైట్లు. 1500 బైట్ల ప్యాకెట్లు చేస్తే 33. లెక్క బాగుంది. కానీ ఏడో స్క్రిప్టులో ఆలస్యాన్ని 40 చేసి, క్యూని 33 దగ్గరే వదిలేశావు. అక్కడ 66 ఉండాలి. మరి ఆ గ్రాఫులో త్రూపుట్ తగ్గింది ఆలస్యం పెరిగినందుకా, క్యూ ఉండాల్సిన దాంట్లో సగమే ఉన్నందుకా? ఎవరూ చెప్పలేరు. అందుకే 33 అని చేత్తో రాయకు. బ్యాండ్‌విడ్త్, ఆలస్యం ఇస్తే క్యూ లెక్కగట్టే చిన్న ఫంక్షన్ రాయి. కావాలనే క్యూ సగం చేస్తే ఆ 0.5ని పారామీటరుగా పైకి కనపడేలా పెట్టు.

ఆపైన ప్రతి ప్రయోగం ఒక్క డిక్షనరీ (పైథాన్లో పేరు, విలువల జాబితా) అవుతుంది, మామూలు విలువల కంటే మారినవి మాత్రమే అందులో ఉంటాయి. ప్రతి రన్ ఫలితం పక్కన, మామూలువి కూడా కలిపి ఆ రన్‌లో వాడిన విలువలన్నీ ఫైల్లో రాసిపెట్టు. రేపు ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌కి మారినా ఇదే పద్ధతి: విలువలు కమాండ్ లైన్ నుంచి ఇవ్వు, రన్ నంబరు కూడా. అది మార్చకపోతే పదిసార్లు నడిపినా యాదృచ్ఛిక సంఖ్యలు అవే వస్తాయి, ఫలితమూ అదే.

అయితే అన్నీ ఫంక్షన్లలో దాచెయ్యకు. త్రూపుట్ కొలిచే ఐపర్ఫ్ సర్వర్ ముందు లేవడం, అది సిద్ధమయ్యేదాకా ఆగడం, తర్వాత క్లయింట్ మొదలవడం, ఈ వరస పై నుంచి కిందికి చదివితే తెలియాలి. రెండు చోట్ల ఒకేలా ఉందని వెంటనే కలపకు, మూడోసారి వచ్చినప్పుడు చూద్దువుగాని.

పాత స్క్రిప్టులు ఇప్పుడే తీసేయకు. కొత్తదీ పాతదీ రెండూ లింకుల విలువలు ప్రింట్ చేసేలా పెట్టి, ఒకటొకటిగా పోల్చుకుంటూ మార్చు. ఏడోది మాత్రం ముందు మళ్ళీ నడుపు. 33తో ఒకటి, 66తో ఒకటి, రెండు గ్రాఫులూ పంపు, చూడాలని ఉంది.

నీ పెదనాన్న