టెక్ సందేహాలు: అరగంటకు మాయమయ్యే డిఫాల్ట్ రూట్

ప్రశ్న: లినక్స్ సర్వర్ ఆన్ చేశాక ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) బాగానే పనిచేస్తుంది, అరగంటకు పోతుంది. అడ్రస్ మాత్రం అలాగే కనిపిస్తుంది. నెట్‌వర్క్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. డిఫాల్ట్ రూట్‌ను (బయటి నెట్‌కు వెళ్లే దారిని) గడువు లేకుండా నేనే చేత్తో రాసేస్తే సరిపోతుందా సర్?

జవాబు: ఇదే ఫిర్యాదు రకరకాలుగా వస్తూనే ఉంది, ప్రతి ఒక్కరూ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌నే తిడుతున్నారు. పాపం అది చెప్పినట్టే చేస్తోంది. రౌటర్ పంపే ప్రకటనలో (రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్, పొట్టిగా ఆర్ఏ అంటాం) "నన్ను ఇన్ని సెకన్లు నమ్ము" అని ఉంటుంది, చాలా రౌటర్లలో అది 1800. కెర్నల్ ఆ గడువును రూట్‌కు తగిలించి లెక్క మొదలుపెడుతుంది. రూటింగ్ టేబుల్ (మెషీన్ దగ్గరుండే దారుల పట్టిక) తెరిచి చూడండి, డిఫాల్ట్ రూట్ పక్కన ఎక్స్‌పైర్స్ అని ఒక అంకె తగ్గుతూ పోతుంటుంది. కొత్త ఆర్ఏ వచ్చినప్పుడల్లా అది మళ్లీ 1800కి ఎక్కాలి. మీ దగ్గర ఎక్కడం లేదు, అంతే. అడ్రస్ గడువు వేరే, అది మామూలుగా 30 రోజులు. అందుకే అడ్రస్ ఉండి దారి లేకుండా పోతోంది.

మరి మొదట్లో ఎలా వచ్చింది? ఆన్ అవగానే మీ మెషీనే రౌటర్‌ను అడుగుతుంది, జవాబు నేరుగా దానికే రావచ్చు. ఆ తర్వాతవి మల్టీకాస్ట్‌లో అందరికీ కలిపి వస్తాయి, మధ్యలో ఏ స్విచ్చో, వైఫై పెట్టెలోని "మల్టీకాస్ట్ ఆప్టిమైజేషన్" అనే ఘనకార్యమో వాటిని మింగేస్తుంది. లేదా మీ ఫైర్‌వాల్‌లో మల్టీకాస్ట్‌గా వచ్చే 134 రకం ఐసీఎంపీవీ6 ప్యాకెట్లకు, అంటే ఈ ఆర్ఏలకే, అనుమతి లేదు. వచ్చే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి ఒక పావుగంట చూడండి, కానీ మైనస్ పీ ఆప్షన్‌తో. అది లేకపోతే నెట్‌వర్క్ కార్డు ప్రామిస్క్యువస్ మోడ్‌లోకి వెళ్లి తనవి కానివాటితో సహా అన్నీ తీసుకుంటుంది, మీరు చూస్తున్నంతసేపూ జబ్బు కనిపించకపోవచ్చు! ఆర్ఏ కనిపిస్తున్నా అంకె ఎక్కడం లేదంటే ముందు మీ ఫైర్‌వాల్‌నే అనుమానించండి, ఎందుకంటే టీసీపీడంప్ ప్యాకెట్‌ను ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. అసలు కనిపించకపోతే స్విచ్ సంగతి చూడండి.

చేత్తో రాయడమంటారా, రాయొచ్చు. రౌటర్ మారిన రోజున మీ రూట్ పాతదాన్నే చూపిస్తూ కూర్చుంటుంది, తీసేసే గడువు మీరే లేకుండా చేశారు కాబట్టి ఎవరూ తీయరు. సర్వర్‌తో పాటు రౌటర్ కూడా మీ చేతిలోనే ఉంటే సరే, అప్పుడు ఆర్ఏలను తీసుకోవడం కూడా ఆపేయండి. సగం సగం మాత్రం వద్దు.

నాకు అసలు టెన్షన్ పెట్టేది వేరే విషయం. నకిలీ ఆర్ఏ ఎవరైనా పంపి అడ్రస్ గడువును ఒక్కసారిగా రెండు గంటల కిందికి దించబోతే ఐపీవీ6 ప్రమాణం (స్టాండర్డ్) ఒప్పుకోదు, ఆ కాపలా ఉంది. రూట్‌కు అదేమీ లేదు. అదే లింక్‌లో ఉన్న ఏ పరికరమైనా మీ రౌటర్ అడ్రస్ పెట్టుకుని గడువు సున్నా అని ఒక్క ప్యాకెట్ పంపితే చాలు, రూట్ అక్కడికక్కడే పోతుంది. లేదా తానే రౌటర్‌నని 65535 సెకన్లు, అంటే పద్దెనిమిది గంటల పైచిలుకు, ప్రకటించుకుని మీ ట్రాఫిక్‌ను తనవైపు తిప్పుకోవచ్చు. హాప్ లిమిట్ (ప్యాకెట్ రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే అంకె) 255 ఉండాలన్న నిబంధన బయటివాళ్లను ఆపుతుంది, లోపల ఉన్న దొంగను ఆపదు. సంతకంతో ఆర్ఏలను నిర్ధారించే పద్ధతి 2005లోనే రాశారు, వాడేవాళ్లు దాదాపు లేరు. నకిలీ ఆర్ఏలను స్విచ్‌లోనే ఆపే ఆర్ఏ గార్డ్ అనేది 2011లో వచ్చింది. దాన్ని ఎక్స్‌టెన్షన్ హెడర్లతో (ప్యాకెట్‌కు తగిలించే అదనపు తలభాగాలతో) దాటొచ్చని తర్వాత తేలింది, అయినా లేనిదానికంటే చాలా నయం. కానీ చౌక స్విచ్‌లలో ఆ బటన్ వెతుక్కోవాల్సిందే, ఖరీదైనవాటిలో ఉన్నా ఎవరూ నొక్కరు!

ఇక ఇంటి రౌటర్లు తయారుచేసేవాళ్ల గురించి ఒక్కమాట. కరెంటు పోయి వచ్చాక కొత్త ప్రిఫిక్స్ (అడ్రస్ ముందుభాగం) ఇస్తాయి, పాతదాని వాడుక గడువు (ప్రిఫర్డ్ లైఫ్‌టైమ్, పైన చెప్పిన రెండు గంటల కాపలా దీనికి లేదు) సున్నా చేస్తూ ఒక ఆర్ఏ పంపాలన్న జ్ఞానం మాత్రం ఉండదు. మీ మెషీన్ ఆ చచ్చిన అడ్రస్‌ను కూడా పట్టుకుని వేలాడుతుంది, వెబ్‌సైట్లు తెరుచుకోక మీరు తల పట్టుకుంటారు. పాత ప్రిఫిక్స్‌ను ఫ్లాష్‌లో రాసిపెట్టుకోవడానికి ఎంత చోటు కావాలి చెప్పండి? పదహారు బైట్లు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో కొత్త ఐకాన్లకు చోటుంటుంది, దీనికి ఉండదు.