పంచరత్నాల గోష్ఠికి కూర్చునే ముందు

విశాఖపట్నం

అమ్మా,

ఆశీస్సులు. ఈసారి త్యాగరాజస్వామి ఆరాధనకి నలభై మందితో ఆయన పంచరత్నాలు, అంటే ఆ అయిదు కీర్తనలూ, పాడిద్దామనుకుంటున్నామనీ, పక్కవాద్యాలు కూడా గట్టిగానే పెట్టుకుంటున్నామనీ రాశావు. కళాభారతి దొరుకుతుందా, గురజాడ కళాక్షేత్రమా, మైకులెన్ని అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది పాఠాంతరం, అంటే ఏ గురువు నేర్పిన తీరులో పాడాలన్నది.

త్యాగరాజస్వామి శిష్యపరంపరల్లో పేరుపడ్డవి వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం. అదే కీర్తన, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు) వేరు. మీ నలభై మందీ నలుగురైదుగురు గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లు. ఎవరి పాఠం వాళ్లకి ఒప్పే, కలిపి పాడితే మాత్రం ముద్ద. ఇవి నలభై గొంతుల కోసం కట్టిన కీర్తనలు కావు. తిరువయ్యారులో అందరూ కలిసి పాడే ఆనవాయితీ 1940 ప్రాంతాల్లో మొదలైందే. అందుకని ఒక్కరి పాఠం పట్టుకో. ఒక్క గొంతు, తాళం, తంబురా, అంతే, ఫోన్లో రికార్డు చేసి గ్రూపులో పెట్టు. ఆరు సంగతులున్నచోట అందరికీ నిలబడే రెండు ఉంచి మిగతావి తీసెయ్యి. "మా గురువుగారు ఇలా చెప్పలేదు" అని ఒకరిద్దరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

తర్వాత ఊపిరి. మన భాషలో ఉన్న కీర్తనల్ని మనమే అర్థం తెగ్గొట్టి పాడతాం. గౌళ రాగంలో "దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా" ఉంది కదా. అది నన్ను, ఏ దొర కొడుకు బ్రోచును అని. "నన్నే" దగ్గర ఊపిరి తీస్తే "నన్ను మాత్రమే" అయి కూర్చుంటుంది. ఊపిరి "గల" తర్వాత తీయాలి, అక్కణ్ణుంచి "దొర" దాకా ఒక్క పట్టున రావాలి. ఆరభిలో అనుపల్లవి చివర "తా బట్టిన పట్టు" అని వచ్చి పల్లవిలో "సాధించెనే"తో కలుస్తుంది. పట్టిన పట్టు సాధించాడు అన్నది ఒకే మాట. అక్కడ నలభై మందీ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటే పట్టు ఒకచోట, సాధించడం ఒకచోట పడతాయి. అలాంటిచోట అందరికీ వరస సంఖ్యలిచ్చి, సరి సంఖ్యవాళ్లు ముందు మాట దగ్గర, బేసి సంఖ్యవాళ్లు తర్వాత మాట దగ్గర ఊపిరి తీసుకునేట్టు కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టించు. వరాళిలోది కనకం కాదని కూడా చెప్పు. "కన కన రుచి రా", చూడగా చూడగా రుచి. బంగారం తర్వాత "కనక వసన" అన్నప్పుడు వస్తుంది. నాటలో "జగదానందకారక" సంస్కృతం, అందులో వరసగా పేర్లే కాబట్టి సమాసం మధ్యలో తెంపకపోతే చాలు.

శ్రుతి విషయంలో మొహమాటపడకు. హార్మోనియం తెల్లమెట్ల లెక్కలో మగవాళ్లకి ఒకటి, ఒకటిన్నర. ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర. మధ్యేమార్గం అని మూడు పెడతారు చాలామంది. మూడులో ఆడవాళ్లకి మంద్ర (కింది స్థాయి) పంచమం అందదు, మగవాళ్లకి తార (పై స్థాయి) గాంధారం అందదు, ఇద్దరూ చెడతారు. మీలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి ఐదు పెట్టి, మగవాళ్లని ఒక స్థాయి కింద పాడమను. మంద్రంలో వాళ్లకి గాలి తప్ప నాదం రాని చోట్లు ఉంటాయి. అక్కడ వదిలెయ్యమను, గొణగొద్దని చెప్పు.

ఐదు శ్రుతి అన్న మాట పక్కవాద్యాలవాళ్లకి మొదటి రోజే చెప్పాలి. వేణువుకి ఐదు శ్రుతి వేణువే కావాలి. మూడు శ్రుతికి కట్టిన వీణని ఆ తీగలతోనే ఐదుకి లాగితే బిగువు సుమారు 40 శాతం పెరుగుతుంది, సభలో టప్పుమని తెగుతుంది. సన్నతీగలు ముందే వేయించాలి, లేదా వీణ మానుకోవాలి. నాలుగు వయొలిన్లు చాలు. ఆరు పెట్టి అందులో ఇద్దరు గమకం (స్వరాన్ని ఊపే తీరు) వేరేగా లాగితే ఆ జీరే వినిపిస్తుంది. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా చేసిన చోటు. వయొలిన్‌కి అటువైపు వాకబు చెయ్యి. అరవై కిలోమీటర్ల దూరం, రిహార్సల్‌కి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవచ్చు.

రాగాల దగ్గర జారేచోట్లు ఇవి. నాటలో రిషభం షట్‌శ్రుతి, రిషభాల్లో అన్నిటికన్నా పైది, దాన్ని చివరిదాకా పైన నిలబెట్టలేక కిందికి దించేస్తారు. గౌళ రిషభం మామూలు శుద్ధ రిషభం కంటే ఒక వెంట్రుక కిందే ఉండాలి, గుంపులో అది పైకి ఎక్కుతుంది. ఒక్క రిషభాన్నే తంబురాతో రోజూ ఐదు నిమిషాలు పట్టించు. వరాళి మరీ కష్టం. గాంధారం శుద్ధం, మధ్యమం ప్రతిమధ్యమం కంటే కాస్త పైన పంచమాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. గురువు ఎదురుగా నేర్పకూడదని ఒక నమ్మకం ఉంది కదా, మీ పెద్దవాళ్లెవరైనా పట్టుబడితే రికార్డు విని నేర్చుకోమను, గొడవ ఉండదు. ఆరభి, శ్రీ వాటంతట అవే నిలబడతాయి. శ్రీలో అవరోహణలో "రి గ రి స" మాత్రం తొందరపడి మింగేస్తారు.

చరణాలన్నిటికీ ముందు స్వరం, తర్వాత సాహిత్యం పాడితే అయిదూ కలిపి గంట దాకా పడుతుంది. స్వరం రాగానే వేగం పెరగడం గుంపు లక్షణం. వేగం పట్టేది గాయకులు కాదు, మృదంగం. మృదంగం వాయించే ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టు, పక్కకి నెట్టకు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. పన్నెండు మీటర్ల వేదిక మీద ఒక చివర మృదంగం, ఇంకో చివర గాయకులుంటే సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతు ఆలస్యంగా వింటారు, ఆ చివరవాళ్లు వెనకబడతారు. గాయకుల్ని అర్ధచంద్రాకారంగా, మగవాళ్లని వెనక వరసలో, గట్టి గొంతులవాళ్లని మధ్యలో పెట్టు. తాళం ముందు వరసవాళ్లే వేయాలి, మిగతావాళ్లు ఒళ్లో వేళ్లతో లెక్కపెట్టుకుంటే చాలు. గొంతుకో మైకు వద్దు. కాస్త ఎత్తులో నాలుగు పెట్టించి, శ్రుతి బాక్సు మాత్రం వేదిక మీద అందరికీ వినపడేట్టు చూడు.

మన ఊరి సముద్రపు గాలికి మృదంగం మూత సడలుతుంది. ఏసీ హాల్లోకి రాగానే ఎండి శ్రుతి ఎక్కుతుంది. కార్యక్రమానికి ముప్పావు గంట ముందే లోపలికి తెచ్చి ఉంచి, అక్కడే శ్రుతి చేయమను. ఎడమ మూతకి బొంబాయి రవ్వ ముద్ద చివర్లో పెట్టాలి. తడి ఆరిందా, రెండో కీర్తనకల్లా పొడిగా రాలిపోతుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్లుండాలి.

స్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు వెళ్లిపోయారు. ఆ తిథి ఒక్కో ఏడు సంక్రాంతి ముందే వస్తుంది, చాలాసార్లు తర్వాత. తర్వాత వస్తే పండక్కి సగంమంది ఊళ్లకి పోయి, భోగిమంట పొగా, అరిసెలూ, చల్లగాలీ కలిసి బొంగురుగొంతులతో తిరిగొస్తారు. అందుకని పాఠం అంతా భోగికి పదిరోజుల ముందే ముగించాలి. పండగ తర్వాత నేర్పడం పెట్టుకోకు, రెండుసార్లు వరసగా పాడించుకో, అంతే. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో రెండు మూడు క్లాసులు పోతాయి, అది కూడా లెక్కలో వేసుకుని వారానికి రెండు చొప్పున పది వారాలు పెట్టుకో. మొదటి ఆరు వారాలు పక్కవాద్యాలు లేకుండానే. వయొలిన్ తోడుంటే తప్పులు దాక్కుంటాయి.

ఆఖరి రిహార్సల్‌లో ఒకసారి కరెంటు శ్రుతి బాక్సు ఆపేసి "ఎందరో మహానుభావులు" పాడించి, అయిపోగానే మళ్లీ బాక్సు పెట్టి చూడు. ఎంత దిగారో తెలుస్తుంది. అర శ్రుతి లోపలైతే ఫరవాలేదు.

పాఠం కాగితాలు సిద్ధమైతే ఒక ప్రతి పంపు, ఊపిరి గుర్తులు ఒకసారి చూస్తాను.

మావయ్య